వలలుడు చెట్టు వైపు చూసినప్పుడు

2023 ఏప్రిల్ 2, ఆదివారం పొద్దున. అమెరికాలో అప్పటికింకా శనివారం రాత్రే. లాస్ ఏంజెలిస్ పక్కన ఒక స్టేడియంలో WWE అనే రెసిలింగ్ కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగ, రెసిల్‌మేనియా నడుస్తోంది, అనంతపురంలో మా ఇంట్లో నేను లుంగీ కట్టుకుని టీవీ ముందు కూచున్నాను. అమ్మ ఉగ్గానికి నానేసిన బొరుగులు పిండుతూ వంటింట్లోంచి తొంగి చూసింది. తెర మీద ఒక కుర్రాడు, మొహానికి మాస్కు, పోలీసు బండిలోంచి దిగుతున్నాడు. స్టేడియం స్టేడియమే వాణ్ణి తిట్టిపోస్తోంది.

"ఎవడ్రా వాడు, అంతమంది తిడతాండారు?"

డామినిక్ అని చెప్పాను. రే మిస్టీరియో కొడుకు, ఈరోజు వాళ్ళ నాయనతోనే కొట్లాట అని.

అమ్మ అక్కడే నిలబడిపోయింది. చేతిలో బొరుగుల నీళ్ళు కారుతున్నాయి. "రే మిస్టీరియో అంటే ఆ పొట్టోడు గదా, మొగానికి గుడ్డ కట్టుకుంటాడే... అంటే వీడు, ఆ పొద్దు కాగితాలు పైన కట్టి, పిల్లోడు నాకంటే నాకని నిచ్చెనెక్కి కొట్టుకున్నారే, ఆ పిల్లోడా?"

ఆ పిల్లోడే. అమ్మ చెప్పేది 2005 ఆగస్టు నాటి సంగతి. రే మిస్టీరియో, ఎడ్డీ గెరెరో స్నేహితులు, జంటగా ఛాంపియన్లు కూడా. తర్వాత ఎడ్డీకి కళ్ళు కుట్టాయి. నీ కొడుకు డామినిక్ నీ కొడుకు కాదు, నా రక్తం అని అందరి ముందూ చెప్పేశాడు. అంతా కథే అనుకోండి. పిల్లోడు ఎవరి దగ్గర పెరగాలో ఆ కాగితాలు రింగు పైన వేలాడదీశారు, నిచ్చెన ఎక్కి ఎవరు అందుకుంటే వాళ్ళదే పిల్లోడు. రే గెలిచాడు. అప్పుడు డామినిక్‌కు ఎనిమిదేళ్ళు, రింగు పక్కనే బిక్కమొహం వేసుకుని చూస్తుంటాడు. నాకూ ఇంచుమించు అదే వయసు. కేబుల్లో టెన్ స్పోర్ట్స్ వచ్చేది, రిమోట్ నా చేతిలో ఉంటే అదే.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఈ షో ముందు ఎప్పుడూ ప్రత్యేకంగా కూచోలేదు, అటూ ఇటూ తిరుగుతూ చూసిందంతే. కానీ పద్దెనిమిదేళ్ళ తర్వాత గడ్డం పెంచుకున్న కుర్రాణ్ణి చూసి ఆ పిల్లోడా అని అడిగింది. నిన్నటి తెలుగు సీరియల్లో చచ్చిపోయిన అత్తగారు ఈరోజు మొహం మార్చుకుని తిరిగొస్తే ఏమీ అనని మనిషి! ఈ వ్యాసం రాయాలని అప్పుడే అనుకున్నాను, రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఎందుకంటే నన్ను అడిగేవాళ్ళంతా ఒకటే ప్రశ్న అడుగుతారు. ముప్పై దాటాయి, ఇంకా అది చూస్తావా, అంతా ఫేక్ కదా? సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతూ అడుగుతారు, పెళ్ళిచూపుల్లో కూడా ఒకాయన అడిగాడు. (సంబంధం కుదరలేదు, కారణం ఇదే అని నేను అనను.) ఆ 'ఫేక్' అనే మాట చెప్పేటప్పుడు వాళ్ళ మొహంలో ఒక జాలి ఉంటుంది, నాకు తెలియని రహస్యం ఏదో చెబుతున్నట్టు.

అయ్యా, ఆ రహస్యం నేను పుట్టకముందే పోయింది. 1989లో న్యూజెర్సీ సెనేటుకు ఆ కంపెనీయే స్వయంగా చెప్పుకుంది, మాది క్రీడ కాదు, వినోదం అని. ఎందుకు చెప్పుకుంది? క్రీడ అంటే రాష్ట్ర కమిషన్ పెత్తనం ఉంటుంది, పన్ను కట్టాలి. డబ్బు మిగులుతుందంటే పరువు ఎవడిక్కావాలి. అప్పటి దాకా వీళ్ళు దాన్ని ఎంత దాచేవాళ్ళంటే, హీరో, విలన్ ఒకే కారులో తిరగడానికి కూడా వీల్లేదు. 1987లో జిమ్ డగ్గన్, ఐరన్ షేక్ అనే ఇద్దరు, రింగులో బద్ధ శత్రువులు, ఒకే కారులో పోతూ న్యూజెర్సీలో పోలీసులకు దొరికిపోయారు. మత్తు పదార్థాలు దొరకడం ఒక గొడవ, ఇద్దరూ పక్కపక్కన దొరకడం ఇంకో గొడవ. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఈ దాపరికానికి వాళ్ళ భాషలో కేఫేబ్ అని పేరు. తెలుగులో దీనికి మాట వెతకాల్సిన పని లేదు, మనకు ఎప్పుడో ఉంది. అజ్ఞాతవాసం. దాని దగ్గరికి వస్తాను.

ముందు మా జేజి సంగతి. నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒక గొప్ప విషయం కనిపెట్టాను. గుద్దు గుద్దేటప్పుడు వాళ్ళు కాలితో రింగును తొక్కుతారు. చెయ్యి మొహానికి తగిలే క్షణానికి సరిగ్గా కాలు నేలకు తగులుతుంది, ధన్ మని చప్పుడొస్తుంది. రింగు కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పలచని మెత్త, దాని మీద కాన్వాసు గుడ్డ, అందుకే అంత మోత. ఒకసారి చూశాక ఇంక కళ్ళు కాలు మీదకే పోతాయి. ప్రాణం ఉసూరుమంది. పోయి జేజికి చెప్పాను, వాళ్ళు ఉత్తినే కాలు తొక్కుతారు జేజీ, దెబ్బ తగలదు అని.

జేజి చెనిక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "మా ఊరికొచ్చే బొమ్మలాటోళ్ళు గూడా బల్ల తొక్కేవాళ్ళురా. చప్పుడు రాకుంటే ఎట్ల?"

మా జేజిది ధర్మవరం వైపు పల్లె. నిమ్మలకుంట అటే. తోలుబొమ్మలు చేసేవాళ్ళూ ఆడించేవాళ్ళూ ఉన్న ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. తెర వెనక దీపం, తెర మీద మేకతోలు బొమ్మ, ఆడించేవాళ్ళ కాళ్ళ కింద చెక్క బల్ల. యుద్ధం వచ్చినప్పుడు ఆ బల్ల మీద దబదబా తొక్కుతారు. వాన రాని ఏడు విరాటపర్వం ఆడించేవాళ్ళట, అది ఆడితే వాన పడుతుందని నమ్మకం. మా జిల్లాలో వాన రాని ఏడు అంటే దాదాపు ప్రతి ఏడూ, కాబట్టి జేజి ఆ కథ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. కీచకుడు చస్తాడని ఆమెకు తెలియదా? పుట్టినప్పటి నుంచి తెలుసు. వాడు చచ్చేదాకా ఊళ్ళో ఒక్కరు నిద్రపోయేవాళ్ళు కాదు అని చెప్పేది.

ఇప్పుడు విరాటపర్వాన్ని నా కళ్ళతో చూడండి. ఐదుగురు అన్నదమ్ములు, ఒక ఆడమనిషి, అందరూ మారుపేర్లతో ఒక కొలువులో చేరతారు. భీముడు వంటవాడు, పేరు వలలుడు. ఏడాది పాటు ఎవరూ బయటపడకూడదు, పడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. మధ్యలో ఉత్సవం వస్తుంది, జీమూతుడనే మల్లుడు రంగంలో దిగి అందరినీ పడగొట్టి ఇంకెవరున్నారని తొడ కొడతాడు, రాజు పోయి పోయి వంటవాణ్ణి దింపుతాడు, చూసే జనానికి వాడెవడో తెలియదు, మనకు తెలుసు. ఇంతకన్నా మంచి రెసిలింగ్ కథ అమెరికా వాడు ఇప్పటిదాకా రాయలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది జీమూతుడి గురించి కాదు, చెట్టు గురించి.

కీచకుడు ద్రౌపదిని నిండు సభలో కాలితో తంతాడు. భీముడు అక్కడే ఉన్నాడు. పక్కన ఒక చెట్టుంది. భీముడు ఆ చెట్టు వైపు చూస్తాడు. దాన్ని పీకి వీణ్ణి ఇక్కడే చంపేస్తాడని మనకు అర్థమవుతుంది. ధర్మరాజుకు కూడా అర్థమవుతుంది. కంకుభట్టు వేషంలో ఉన్న ఆయన ఏమంటాడు? వంటవాడా, కట్టెల కోసం చెట్టు చూస్తున్నావా, కట్టెలు కావాలంటే బయటికి పోయి కొట్టుకో అంటాడు. సభ మొత్తానికి అది వంటవాడికి చెప్పిన మాట. భీముడికి మాత్రం, ఆగు అని. వేషం చెడకుండా, కథ ఆగకుండా, కోపం చల్లారకుండా. భీముడు ఆగుతాడు. జేజికి నిద్ర ఎగిరిపోయేది అక్కడే.

వారం వారం వచ్చే ఈ రెసిలింగ్ షోను నేను ఎందుకు చూస్తానో ఆ చెట్టు దగ్గర ఉంది. జనం దీన్ని కొట్టుకునే ఆట అనుకుంటారు. కొట్టుకోవడంలో ఏముంది, రాత్రి పదకొండు తర్వాత మా పాతూరులో ఏ సందులోనైనా చూడొచ్చు. ఇది కొట్టకుండా ఆపే ఆట. కొట్టాల్సిన దెబ్బను వారం, రెండు వారాలు, ఆరు నెలలు, రెండేళ్ళు ఆపి, మన చేత 'ఇంకా కొట్టవేందిరా' అనిపించి, అప్పుడు కొట్టించడం. ఫలితం ముందే రాసిపెట్టుకున్నారు, సరే, కానీ ఆ దెబ్బ కోసం నేను ఎదురుచూసిన ఆరు నెలలు ఎవరూ రాసిపెట్టలేదు కదా, అవి నావి.

మళ్ళీ డామినిక్ దగ్గరికి వద్దాం. 2020లో పెద్దవాడై రింగులోకి వచ్చాడు, నాయనతో కలిసి ఆడాడు. నిజం చెప్పాలంటే బోరు కొట్టించాడు, మంచి పిల్లోడు వేషం వాడికి నప్పలేదు. 2022 సెప్టెంబరులో కార్డిఫ్‌లో నాయన మీదే తిరగబడ్డాడు, తనకన్నా పొట్టి నాయనను ఒక్క దెబ్బకు కింద పడేశాడు. అక్కడి నుంచి ప్రతి వారం వచ్చి నాయనను రెచ్చగొట్టడమే పని. నువ్వు నన్ను పెంచలేదు అంటాడు, నాకు ఎడ్డీ నాయన అయినా బాగుండేది అంటాడు. 2005 నాటి ఆ కాగితాలు గుర్తున్నవాడికి ఆ మాట ఎక్కడ తగులుతుందో ఆలోచించండి, పైగా ఎడ్డీ 2005 నవంబరులోనే నిజంగా చనిపోయాడు. రే చెయ్యెత్తడు. కొడుకును కొట్టను అంటాడు. కొట్టాల్సి వస్తుందేమోనని 'రా' అనే ఆ షో వదిలేసి అదే కంపెనీ వాళ్ళ ఇంకో షో స్మాక్‌డౌన్‌కు మారిపోయాడు, అన్నదమ్ముల తగాదాలో పెద్దాయన ఊరొదిలి పోయినట్టు. కొడుకు అక్కడికీ వచ్చాడు. పండగపూట ఇంటికొచ్చి గొడవ చేశాడు, క్రిస్‌మస్ ముందు రోజు పోలీసులు తీసుకుపోయారు, కాసేపు లాకప్పులో ఉన్నాడో లేదో గానీ అప్పట్నుంచి ఏళ్ళ తరబడి జైల్లో మగ్గినవాడిలా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇది మాత్రం పడీ పడీ నవ్వుకునే కామెడీ. తోలుబొమ్మలాటలో యుద్ధానికి యుద్ధానికి మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పోతారే, అట్లాంటిది.

చివరికి 2023 మార్చి 24 నాటి స్మాక్‌డౌన్. రే భార్య, కూతురు ముందు వరసలో కూచున్నారు. డామినిక్ వాళ్ళ దగ్గరికి పోయి తల్లిని నోరు ముయ్యమన్నాడు. రే మొహానికి మాస్కు, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆ కళ్ళు ఒకసారి భార్య వైపు తిరిగాయి. అంతే, ఒక్క గుద్దు. ఏడు నెలల్లో మొదటి దెబ్బ. కాలు తొక్కాడో లేదో నేను చూడలేదు, నా కళ్ళు అటు పోలేదు.

రెసిల్‌మేనియా రోజు పొద్దున ఈ ముక్క ఫోన్‌లో అమ్మకు చూపించాను. బొరుగులు పక్కన పెట్టి చూసింది. "తల్లిని అన్యాక ఇంగ కొట్టకుంటే ఎట్ల" అంది. ఆ రోజు రే తన నడుము బెల్టు తీసి కొడుకును వాయించాడు కూడా. ఆ బెల్టు చూసి మా నాయన, అప్పటిదాకా పేపర్లోంచి తల ఎత్తని మనిషి, ఆ ఇప్పుడు సరిపోయింది అన్నాడు. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఈ కథ ఇంత సులభంగా పట్టుకోవడానికి కారణం ఉంది. స్టేడియంలో చివరి వరసలో కూచున్నవాడికి మాట వినబడదు, మొహం సరిగా కనబడదు, కాబట్టి ప్రతిదీ ఒంటితో చెప్పాలి, పెద్దగా చెప్పాలి. వీధినాటకం వాడికీ ఇదే కష్టం, బొమ్మలాట వాడికీ ఇదే కష్టం.

అన్ని వారాలూ ఇట్లా ఉంటాయని అబద్ధం చెప్పను. చాలా వారాలు చెత్త. రా షో 1993 జనవరిలో మొదలైనప్పుడు గంట షో, 2012లో దాన్ని మూడు గంటలు చేశారు, అప్పట్నుంచి ఏళ్ళ తరబడి ఆ మూడో గంట చూస్తూ ఎన్నిసార్లు నిద్రపోయానో. గంటలు పెరిగితే ఆపడానికి ఓపిక ఉండదు, ప్రతి వారం అవే ఇద్దరు, అదే కొట్లాట, ఈ వారం నువ్వు గెలువు వచ్చే వారం నేను. దెబ్బకు విలువ పోయింది. ఇంకోటి, ఆపడం అంటే అప్పు చెయ్యడం. తీర్చాలి. 2010లో పేరు చెప్పని జనరల్ మేనేజర్ అని ఒకణ్ణి పెట్టారు. మనిషి కనబడడు, లాప్‌టాప్‌కు మెయిల్ వస్తుంది, టింగుమని చప్పుడు, వ్యాఖ్యాత లేచి చదువుతాడు. ఎవరై ఉంటారని మేం స్కూల్లో ఎన్ని పందేలు కట్టామో! రెండేళ్ళకు 2012లో చెప్పారు, రింగు కింద దాక్కునే పొట్టి మనిషి హార్న్‌స్వాగుల్ అట. నవ్వులాటకు. నేను పందెంలో పోగొట్టుకున్న కార్డులు ఎవరిస్తారు? ఇట్లాంటిది చూసినప్పుడే నాకు కోపం వస్తుంది, 'ఫేక్' అనేవాళ్ళ మీద కాదు. జ్ఞాపకం పెట్టుకున్నవాణ్ణి వెర్రివాణ్ణి చేస్తారు చూడండి, అప్పుడు.

అలాగే కథ లేకపోతే మనిషి ఎంత పెద్దవాడైనా తేలిపోతాడు. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలికి జాన్ సీనా వచ్చాడు, మన దేశంలో ఆయన ఆడటం అదే మొదలు. మా చిన్నాయన కొడుకు బస్సెక్కి పోయి వచ్చాడు, ఫోన్ నిండా వీడియోలు. ఎట్లుంది రా అంటే, సీనాను చూసినాన్నా, చాలు అన్నాడు. ఎవరితో ఆడాడు అంటే కాసేపు గుర్తు రాలేదు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు అక్కడ, ఏ బాకీ లేదు, జాతరకు పోయి జెయింట్ వీల్ ఎక్కినట్టు.

ఈ చిన్నాయన కొడుకు గురించి ఇంకో మాట. 2006లో గ్రేట్ ఖలీ వచ్చీ రాగానే అండర్‌టేకర్‌ను పడగొట్టాడు. హిమాచల్ మనిషి, పంజాబ్ పోలీసులో పనిచేసినవాడు, ఏడడుగులు, మనోడు! అండర్‌టేకర్ అంటే మాకు మామూలోడు కాదు, ఏడుసార్లు చచ్చి బతికాడని వీధిలో పెద్దపిల్లలు ప్రమాణం చేసి చెప్పేవాళ్ళు. (1994లో కంపెనీ వాళ్ళే ఇద్దరు అండర్‌టేకర్లను తెచ్చి కొట్లాట పెట్టారు, ఆ పుకారుకు మూలం అదేనేమో.) అట్లాంటి వాణ్ణి మనోడు కొట్టాడన్న ఆవేశంలో నేను ఖలీనయ్యాను, వాణ్ణి అండర్‌టేకర్‌ను చేశాను, మిద్దె మీద బొంత పరిచి నెత్తిన ఒక్కటిచ్చాను. వాడు బొంత మీద పడలేదు. మోచెయ్యి విరిగింది. నాయన వాణ్ణి స్కూటర్ మీద కూచోబెట్టుకుని పుత్తూరు కట్టు వేయించుకొచ్చాడు, వచ్చాక నా సంగతి చూశాడు. అందులో ఏదీ ఫేక్ కాదు.

నాకు తెలిసి ఆ మాటకు అసలు జవాబు అక్కడ ఉంది. గుద్దు తగలకపోవచ్చు, కింద పడటం మాత్రం కింద పడటమే. 1998లో మిక్ ఫోలీని అండర్‌టేకర్ రింగు చుట్టూ కట్టిన పెద్ద ఇనుప పంజరం పైనుంచి కింద వ్యాఖ్యాతల బల్ల మీదకు విసిరాడు, ఇద్దరూ ముందే అనుకునే చేశారు, భూమికి మాత్రం ఎవరూ చెప్పలేదు. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ తాడుతో పైకప్పు నుంచి రింగులోకి దిగుతూ జారి పడి చనిపోయాడు. ఆ రోజు షో ఆపలేదు. అదే రింగులో మిగతా పోటీలు జరిపించారు. ఈ కంపెనీ గురించి నాకు ఎప్పటికీ మింగుడుపడనిది అదే. వాళ్ళ దగ్గర ఆడేవాళ్ళు కాగితం మీద ఉద్యోగులు కూడా కాదు, కాంట్రాక్టు మనుషులు. చనిపోయిన ఎడ్డీ పేరు మీద నెలల తరబడి కథలు నడిపారు. కాబట్టి నన్ను ఇరుకున పెట్టాలంటే, అది ఫేక్ కదా అని అడక్కండి, ఇవన్నీ తెలిసి ఎట్లా చూస్తున్నావు అని అడగండి. దానికి నా దగ్గర జవాబు లేదు, చూస్తున్నాను అంతే.

2025లో షో నెట్‌ఫ్లిక్స్‌కు పోయింది, మన దగ్గర ఏప్రిల్ నుంచి. ఆ నెలలోనే ఇంకో రెసిల్‌మేనియా, డామినిక్ ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచాడు. ఎడ్డీ దూకినట్టే తాళ్ళ మీంచి దూకి గెలిచాడు. రెండేళ్ళ కింద వాణ్ణి తిట్టిపోసిన జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకూ నచ్చాడు, దాచుకోవడం ఎందుకు. ఇంత కాలం ఒళ్ళు దాచుకోకుండా తిట్లు తిన్నవాడి మీద ఒక ప్రేమ పుట్టుకొస్తుంది.

అమ్మను పిలిచి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూసింది, వాడు బెల్టు భుజాన వేసుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు.

"వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నాడా?"

"లేదమ్మా."

"అయితే ఇంగా అయిపోలేదులే" అని కళ్ళజోడు తీసి లోపలికి పోయింది.